బొంత కప్పిన డబ్బా

3వ తేదీ, సోమవారం

పొద్దున వెళ్ళేసరికి సైలెన్స్ గారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. మామూలుగా ఆయన తన కుర్చీలోనే కుదురుగా కూర్చోరు.

"ఏమీ తెరుచుకోవడం లేదమ్మా," అన్నారు.

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. శనివారం రికార్డింగు లేదు, శుక్రవారంది లేదు. అసలు సర్వరే కనబడటం లేదంటోంది."

స్టోర్ రూముకి వెళ్ళి బీరువా తెరిచాను. బొంత తీస్తే లోపల రికార్డింగులు దాచే సర్వర్ డబ్బా అప్పుడే పక్కన పెట్టిన ఇస్త్రీపెట్టెలా ఉంది. ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ముందువైపు రెండు దీపాలూ ఎర్రగా వెలుగుతున్నాయి. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆఫీసు మాది. చూపున్న మేము ఇంతమందిమి ఉండి ఒక ఎర్రదీపాన్ని చూసుకోలేకపోయాం.

నా ఉద్యోగం ఎడిటింగు. చదివేవాళ్ళ దగ్గులూ తడబాట్లూ కోసి పారేసి శుభ్రమైన పాఠం మిగల్చడం. ఈ డబ్బాను చూసుకోవడం నా ఉద్యోగంలో లేదు. ఎప్పుడో ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగిన పాపానికి ఆఫీసుకి కంప్యూటర్ మనిషినైపోయాను. సైలెన్స్ గారు మా ఆఫీసు పెద్ద, రికార్డింగు కూడా ఆయనే చూస్తారు. నేను పెట్టిన ఈ పేరు ఆయనకి తెలియదు.

డబ్బా ఆపి, చల్లారాక మళ్ళీ కరెంటు పెట్టాను. లేవలేదు. ఇంకోసారి పెట్టాను. మూడోసారి పెట్టేటప్పుడు దాన్ని ఒక మాట అన్నాను. ఇక్కడ రాయను.

అక్క చదివిన నవల అందులోనే ఉంది.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను.

4వ తేదీ, మంగళవారం

పూర్తయిన పుస్తకాలన్నీ క్షేమం. అవన్నీ బయట ఇంకో డిస్కులో ఉన్నాయి. అది సైలెన్స్ గారి నియమం. పూర్తయిన పుస్తకానికి మాత్రమే కాపీ తీయాలి, పూర్తికానిది రెండోచోట కనబడకూడదు. ఒకసారి సగం కోసిన కాపీ పొరపాటున బయటికి వెళ్ళిందట. ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మీ కథలో ఆవిడ ఇప్పుడే చనిపోయిందండి, తర్వాత తుమ్మి మళ్ళీ చనిపోయింది," అన్నాడట. ఆ నామోషీతో పుట్టిన నియమం.

పూర్తికానివి మూడు పుస్తకాలు. రెండింటిని చదివినవాళ్ళు పాపం మళ్ళీ చదువుతామన్నారు. మూడోది అక్క చదివిన లావు నవల, తోటికోడళ్ళ గొడవలది.

అక్క మళ్ళీ చదవలేదు. ఇరవయ్యో తేదీన ఆపరేషన్. గడ్డతోపాటు గొంతులో మాట పుట్టే చోటంతా తీసేస్తారు. ఆ తర్వాత గొంతు ఉండదు. ఇప్పటికే గరగరలాడుతోంది, రెండు పేజీలు చదివితే మూడో పేజీలో గాలే వస్తుంది.

బస్టాండులో అనౌన్సరుగా రిటైరయింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో ఊరికంతటికీ చెప్పిన గొంతు. అన్నేళ్ళు మాట్లాడితే ఒక్క మాటా ఎక్కడా మిగల్లేదు. ఇంట్లో వీడియోలున్నాయి, కానీ తీసేది తనే కాబట్టి తను లేదు, బ్యాండు మోతే ఉంది. వాయిస్ మెసేజులు పెట్టమంటే, "ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడటం డ్యూటీలో చేశాను, చాలు," అంటుంది. నేనే బతిమాలి, రికార్డింగుకి కూడా నేనే కూర్చుని, ఈ నవల చదివించాను. అక్క గొంతు ఉన్నది అందులోనే.

పోయినవారం బావ అడిగాడు. "ఆ పుస్తకం నాకో కాపీ ఇస్తావా చిట్టీ? ఆపరేషన్ లోపల ఇస్తే చాలు." ఇస్తానన్నాను. బావ నన్ను ఇన్నేళ్ళలో ఏదీ అడగలేదు.

5వ తేదీ, బుధవారం

ఎవరి తప్పు అని వెతకడం నా స్వభావం కాదు. అయినా జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ డబ్బాలో రెండు డిస్కులు. ఒకదాని మీద ఏది పడితే రెండోదాని మీదా అదే పడుతుంది. ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది, పోయినదాన్ని మనం మార్చుకోవాలి. పోయిన సంగతి మనకు తెలియాలని డబ్బా కీచుమని అరుస్తుంది. మార్చేదాకా ఆగి ఆగి అరుస్తూనే ఉంటుంది.

చలికాలం మొదట్లో అరిచింది. ఇంకే ఆఫీసులోనైనా ఎవరో ఒకరు లేచి, ఎందుకు అరుస్తోందని చూసేవారు. మా ఆఫీసులో రికార్డింగు నడుస్తోంది. గాజు గదిలో చదువుతున్న మనిషి మంచి ఘట్టంలో ఉండగా కీచ్. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ కీచ్. సైలెన్స్ గారికి గడియారం టిక్కుటిక్కే గిట్టదు. డబ్బాను స్టోర్ రూముకి మార్పించారు. గోడ దాటి వినబడింది. స్టీలు బీరువాలో పెట్టించారు. సన్నగా వినబడింది. అప్పుడు దానికి బొంత చుట్టి బీరువా తలుపు వేశారు. వినబడలేదు. మేమంతా చప్పట్లు కొట్టాం, చప్పుడు కాకుండా.

మిగిలిన ఆ ఒక్క డిస్కు చలికాలమంతా ఊపిరాడక బొంతలో ఉడికింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాను గానీ, చెవులే బతుకుతెరువైనవాళ్ళ ముందు ఊదినా ఇంతేనని ఇప్పుడు తెలిసింది.

అది ఎందుకు అరుస్తోందో చూడాలని నేను అప్పుడే అన్నాను. అనుకున్నాను. అన్నాననే గుర్తు.

బొంత మా ఇంటి నుంచి వచ్చిందే. అది వేరే సంగతి.

6వ తేదీ, గురువారం

అక్క ఫోన్. పనిలో ఉన్నానన్నాను. పనిలోనే ఉన్నాను.

7వ తేదీ, శుక్రవారం

డిస్కులు రెండూ తువ్వాలులో చుట్టుకుని డిస్కుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ పేరు బోర్డు మీద ఆయనే రాయించుకున్నాడు. కింద కుట్టుమిషన్ల కొట్టు, పైన ఇరుకు మెట్లెక్కితే ఆయన గది. బల్ల మీద డిస్కులు పొట్టలు తెరుచుకుని పడి ఉన్నాయి.

మాసిపోయిన దూదిపీచు ఒకటి డిస్కు అంచునుంచి లాగి చూశాడు.

"దీనికేమైనా కప్పారా?"

"చలికాలం కదండీ," అన్నాను.

నవ్వలేదు. మొదటి డిస్కు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముందు పోయింది ఇదేనా? దీనికి పైనున్న బోర్డు కాలింది, అంతే. లోపల బానే ఉంది. ఇదే రకం, ఇదే బ్యాచ్‌ది ఇంకో డిస్కు తెండి. దాని బోర్డు దీనికి వేసి, దీని చిన్న చిప్పు ఆ బోర్డు మీదికి మారిస్తే తిరుగుతుంది."

"రెండోది?"

రెండోదానికి కరెంటు ఇచ్చి నా చెవి దగ్గర పెట్టాడు. టక్, టక్, టక్. ఆగింది. వెంటనే తీసేశాడు. "ఇది మీరెవరూ తిప్పకండి. తిప్పినకొద్దీ గీసుకుపోతుంది. పరికరాలు తెప్పించి చూస్తాను."

మొదటిదాంట్లో చలికాలం వరకే ఉంటుంది. అంటే నవలలో సగం. మొత్తం నవల ఉన్నది రెండోదాంట్లోనే. నాకు రెండోదే కావాలన్నాను.

"నా దగ్గరికొచ్చే అందరికీ రెండోదే కావాలమ్మా," అన్నాడు.

నేను సోమవారం దాన్ని మూడుసార్లు పెట్టి చూసిన సంగతి ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

8వ తేదీ, శనివారం

ఇవాళ ఎత్తాను.

"బతికే ఉన్నావా?" అంది అక్క. గొంతు నూకలు వేయించినట్టుంది.

"డాక్టరు మాట్లాడొద్దన్నాడు కదక్కా."

"వాడికేం, వాడి గొంతు వాడికుంది. నాకున్నదే కాస్త, దాచుకుని ఏం చేసుకోను? ఇంతకీ ఎప్పుడొస్తున్నావు?"

"ఆఫీసులో తలమునకలుగా ఉంది. నువ్వు విశ్రాంతి తీసుకో. పెట్టేస్తున్నా."

"నేను విశ్రాంతిలోనే ఉన్నానే. విశ్రాంతి తప్ప ఏమీ లేదిక్కడ." తర్వాత ఏదో చెప్పబోయి దగ్గింది. బావ ఫోన్ తీసుకుని, "పుస్తకం ఎంతవరకొచ్చింది?" అన్నాడు.

"ఎడిటింగులో ఉంది బావా. చివరికొచ్చింది."

ఈ మాట అబద్ధమేమీ కాదు. పని ఆగిన చోటును చివరే అంటారు.

10వ తేదీ, సోమవారం

సైలెన్స్ గారితో గొడవపడ్డాను. ఆయన మెల్లిగా, "ఇంకెవరిచేతనైనా మొత్తం మళ్ళీ చదివిద్దామమ్మా. వినేవాళ్ళకి పుస్తకం కదా ముఖ్యం," అన్నారు.

"కాదు," అన్నాను.

"కాదంటే?"

"కాదంటే కాదండి. మీరు బొంతలు కప్పండి, పుస్తకాల సంగతి నాకొదిలేయండి."

పెద్ద మనిషిని అనకూడని మాట. ఆయన తన గదిలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి టీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు, సాసరు కూడా చప్పుడు కాకుండా. తాగాను. క్షమించమని అడగాలి. రేపు అడుగుతాను.

11వ తేదీ, మంగళవారం

డిస్కుల వేట. నా కాళ్ళు నావి కావు.

మొదటి కొట్టువాడు ఆ రకం ఇప్పుడు రావడం లేదన్నాడు. రెండోవాడు ఉందన్నాడు, వెళితే వేరేది చూపించి, "ఇదీ అదే, రంగు తేడా," అన్నాడు. మూడోవాడు ఫోటో పంపమన్నాడు, పంపితే బొటనవేలు బొమ్మ పెట్టాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. నాలుగో కొట్లో నిజంగానే దొరికింది. పేరు అదే, సైజు అదే. పట్టుకుని బస్సెక్కి డాక్టరు దగ్గరికి పరిగెత్తితే బోర్డు మీద నంబరు చూసి, "చివరి అక్షరం వేరండీ, వేస్తే ఉన్నదీ పోతుంది," అన్నాడు. కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినా ఎలుకైనా మిగిలేది.

బస్సులో ఉండగా అక్క ఫోన్. నిలబడటానికే చోటు లేదు. నిజంగా లేదు.

క్షమించమని అడగలేదు. ఆయన కనబడలేదు. ఒకసారి కనబడ్డారు.

13వ తేదీ, గురువారం

నేను ఊరంతా వెతికిన డిస్కు ఆఫీసులోనే ఉంది.

పూర్తయిన పుస్తకాలన్నీ దాచిన బయటి డిస్కు అదే రకం, అదే బ్యాచ్. మూడూ ఒకే రోజు ఒకే కొట్లో కొన్నారట. సైలెన్స్ గారే దాన్ని బల్ల మీద పెట్టి, "దీని బోర్డు పనికొస్తుందేమో చూడండి," అన్నారు. ఆయన జన్మంతా చేసిన పని దాంట్లో ఉంది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

ముందు దాన్ని ఇంకోదాంట్లోకి కాపీ చేయాలి. అది చేయకుండా ముట్టుకోనని డాక్టరు అన్నాడు. కాపీ పెట్టాం. తెర మీద కాపీ ఎంతయిందో చూపే గీత నత్తకి నడక నేర్పేలా ఉంది.

మొన్నటి మాటకి క్షమించమన్నాను. "ఏ మాట?" అన్నారు. ఆయనకి వినబడని చప్పుడు ఉండదు.

14వ తేదీ, శుక్రవారం

కాపీ అవుతోంది. అక్క ఫోన్ చేయలేదు. కుదుటపడ్డట్టుంది.

15వ తేదీ, శనివారం

నేను డిస్కుల డాక్టరు గది మెట్ల మీద పడిగాపులు పడుతుంటే అక్క ఆఫీసుకి వచ్చిందట. బావ ఆటోలో తీసుకొచ్చాడట. నా కుర్చీలో కూర్చుందట. తర్వాత గాజు గదిలోకి వెళ్ళి కూర్చుని చాలాసేపు మాట్లాడిందట.

"ఏం మాట్లాడింది?" అని సైలెన్స్ గారిని అడిగాను.

"అన్నీ."

"రికార్డు చేశారా?"

"లేదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు ముందు మనిషి కూర్చుంది. మీట నొక్కితే చాలు. పోయిన గొంతు కోసం నేను వీధులు పట్టి తిరుగుతుంటే, ఉన్న గొంతు వచ్చి మైకు ముందు కూర్చుంటే గాలికి వదిలేశారు. ఇదంతా ఆయనతో అన్నాను, ఈసారి పూర్తిగా అన్నాను.

ఆయన ఆగి ఆగి చెప్పారు. "నేను అడిగానమ్మా. పెట్టమంటారా అని. వద్దన్నారు. మా చిట్టి అవతల కూర్చుని చెయ్యూపితేనే నేను మొదలుపెడతాను, లేకపోతే నాకు రాదు, అన్నారు."

సర్వర్ పోయిన సంగతి మీరేమైనా చెప్పారా అని అడిగాను. చెప్పలేదన్నారు. అదొక్కటి మంచి పని చేశారు.

రేపు ఆదివారం వెళ్ళాలి అక్క దగ్గరికి.

17వ తేదీ, సోమవారం

నిన్న వెళ్ళలేదు. నిన్న డాక్టరు బోర్డు మారుస్తానన్నాడు, పక్కన ఉండాలి కదా. మార్చింది ఇవాళ.

తిరిగింది. ఆగకుండా, గుర్రుమని, తిరిగింది. ఫోల్డర్లు ఒక్కొక్కటే కనబడ్డాయి. నవల మొదటి సగం ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకటి తెరిచాను. పాత గొంతు, గరగర లేని గొంతు. పెద్ద తోటికోడలు చిన్న తోటికోడలిని వంటింట్లోంచి పొమ్మనే చోటు. డాక్టరు ముందే ఏడ్చాను. ఆయన కిటికీ వైపు తిరిగి ఏదో స్క్రూ వెతుక్కున్నాడు.

ఇక రెండోది.

18వ తేదీ, మంగళవారం

రెండోది తెరిచి చూపించాడు. అద్దంలాంటి పళ్ళెం మీద గుండ్రంగా గీతలు. చీపురుతో గీసినట్టు. "ఇక్కడున్నది పొడి అయిపోయిందండీ. పొడిలోంచి ఎవరూ తీయలేరు."

ఇంకొకరికి చూపిస్తానన్నాను. "చూపించండి. వాళ్ళూ ఇదే అంటారు," అన్నాడు, కోపం లేకుండా. ఆ కోపం లేకపోవడమే నచ్చలేదు.

బావ ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే చేర్చుకుంటారట. "ఒకసారి రా చిట్టీ. అడగొద్దంది. నేనే అడుగుతున్నాను."

19వ తేదీ, బుధవారం

వెళ్ళాను. రేపు రాస్తాను.

20వ తేదీ, గురువారం

ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. బావ పక్కనే ఉన్నాడు, గోడకి తల ఆనించి. నిన్న అక్క మాట్లాడినవన్నీ మరిచిపోకముందు రాసిపెట్టాలి.

లాప్‌టాప్ తీసుకెళ్ళాను. మంచం మీద పెట్టి, హెడ్‌ఫోన్ అక్క చెవులకి తగిలించాను. మొత్తం పుస్తకం ఇందులో ఉందన్నాను. బావ మొహం వికసించింది. అక్క కళ్ళు మూసుకుని ఒక పేజీ దాకా విని తీసేసింది.

"బస్టాండులో చదివినట్టే చదివాను. ముందు 'ప్రయాణికులకు గమనిక' అని పెట్టలేదు, అంతే."

"అందరూ చాలా బాగుందన్నారక్కా."

"బాగుంది. డ్యూటీ నేనెప్పుడూ బానే చేశాను." హెడ్‌ఫోన్ వైరు చుట్ట చుట్టి నా ఒళ్ళో పెట్టింది. "దీనికోసమేనా రానిది?"

నేను ఆ చుట్ట విప్పి మళ్ళీ చుట్టాను.

"నేనెక్కడికి పోయానే? ఇంట్లోనే ఉన్నాను. రోజూ ఫోన్ చేశాను. ఎత్తుంటే ఏదో ఒకటి వాగేదాన్ని."

"ఇప్పుడు రికార్డు చేయనా?"

"వద్దు. మైకు పెడితే నాకు డ్యూటీ గొంతొస్తుంది. మూసెయ్ దాన్ని. నీ జుట్టెవరు కత్తిరించారు, ఎలకలా?"

మూసేశాను. తర్వాత చాలాసేపు మాట్లాడింది. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంది. పక్క మంచం ఆవిడ కోడలు మంచిదట, కొడుకే దద్దమ్మట. మా చిన్నప్పుడు నేను సంతలో తప్పిపోతే తను గొంతు చించుకుని అరిచిందట, అది విన్నవాడెవడో ఈ పిల్లని బస్టాండులో పెట్టుకోవచ్చన్నాడట. ఆ కథ నాకు తెలుసు. ప్రతిసారీ అరిచిన చోటు మారుతుంది. నిన్న చెప్పుల కొట్టు ముందు.

"ఇక ఇంట్లో గొంతంతా ఈయనదే. ఇన్నేళ్ళ కసి తీర్చుకుంటాడు," అంది.

"నాకెక్కడొస్తుంది మాట్లాడటం. అలవాటు పోయింది," అన్నాడు బావ.

తర్వాత నా వైపు తిరిగి, మామూలు సంగతి చెప్పినట్టే, "భయంగా ఉందే," అంది. "కత్తికి కాదు. పడుకున్నప్పుడు ఏదైనా అయితే ఎవర్నీ పిలవలేను కదా."

చెయ్యి పట్టుకున్నాను. అక్క చెయ్యి చల్లగా ఉంది, నాది తడిగా ఉంది. "ఇదేం చెయ్యే, చేపలా," అంది, కానీ విడిపించుకోలేదు.

నర్సు వచ్చి ఇక చాలంది. లేచాను. తలుపు దాకా వెళ్ళాక అక్క అంది, "వైరు కాళ్ళకి తగులుతోంది, చూసుకో."

లాప్‌టాప్ ఛార్జర్ వైరు. సంచిలోంచి వేలాడుతోంది. చూసుకున్నాను.

ఆఖరుగా అన్నది అదే. ఇంకేమైనా అందేమోనని పొద్దుటి నుంచి గుర్తు తెచ్చుకుంటున్నాను. పొద్దున నేను వచ్చేసరికే లోపలికి తీసుకెళ్ళిపోయారు. బావతో ఏమందని అడిగాను. "కళ్ళజోడు జాగ్రత్త అంది," అన్నాడు.

సాయంత్రం. ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నాడు డాక్టరు.

22వ తేదీ, శనివారం

ఐసీయూ గాజు అవతల అక్క. మెడకి కట్టు, ముక్కులో గొట్టం. ఇన్నాళ్ళూ ఆఫీసులో గాజు అవతల తను కూర్చునేది, ఇవతల నేను చెయ్యి ఊపితే చదవడం మొదలుపెట్టేది. ఇవాళ చూడగానే అలవాటుకొద్దీ చెయ్యి ఊపాను. ఊపాక ఏం చేయాలో తెలియక చెయ్యి కిందికి దించుకున్నాను.

బావకి కాపీ ఇచ్చాను. పుస్తకం అంతా ఉందా అంటే తల ఊపాను. ఆయన మెల్లిగా వింటాడు. సగానికొచ్చేసరికి చాలా రోజులు పడుతుంది. అప్పటికి ఏదో ఒకటి చేస్తాను.

24వ తేదీ, సోమవారం

ఇంకో డిస్కుల కొట్టు. పెద్దది, ఏసీ ఉంది, పిల్లలు తెల్లకోట్లు వేసుకున్నారు. తెల్లకోటు పిల్ల గీతలు చూసి, "సారీ మేడం," అంది. రెండోది అయిపోయింది. చేతులు కాలాక ఆకులన్నీ పట్టుకున్నాను, ఇక ఆకులు కూడా లేవు.

డబ్బాను ఆఫీసులో గాజు గది పక్కనే కొత్త డిస్కులతో పెట్టాను. సైలెన్స్ గారు అడగకుండానే నియమం మార్చేశారు. ఏ రోజు చదివింది ఆ రోజే కాపీ. అది అరిస్తే రికార్డింగు ఆపి వెళ్ళి చూడాలని గోడ మీద రాసి అంటించారు, పెద్ద అక్షరాలతో. బొంత మడిచి నాకిచ్చారు. ఉతకాలి.

"రెండో సగం..." అని మొదలుపెట్టారు.

"ఎవరిచేతనైనా చదివించండి," అన్నాను.

26వ తేదీ, బుధవారం

అక్కని మామూలు గదికి మార్చారు. దిండ్లకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో చిన్న పిల్లల పలక, తుడిస్తే పోయే పెన్ను. పక్కన బల్ల మీద చేతిగంట. పిలవడానికి బావ కొన్నాడట. నేను వెళ్ళేసరికి ఆయన టీకని కిందికి వెళ్ళాడు.

పలక మీద రాసి తిప్పింది. "పుస్తకం బావ వింటున్నాడు. రోజూ. విసుగు."

"అక్కా," అన్నాను. "నీ పుస్తకం సగమే ఉంది. రెండో సగం పోయింది. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నా, ఇక దొరకదు. బావకి అబద్ధం చెప్పాను, నీకూ చెప్పాను."

కనుబొమలు ఎగరేసింది, ఎలా అని.

చెప్పాను. ఎవరిమీదికీ నెట్టకుండా మొదటి నుంచి చెప్పాను. డిస్కు పోయి డబ్బా అరవడం, ఎందుకు అరుస్తోందో ఒక్కళ్ళం కూడా చూడకపోవడం, దాన్ని స్టోరులో పెట్టడం, బీరువాలో పెట్టడం. నేను ఏమీ అనలేదని, అన్నానని నాకు నేనే చెప్పుకున్నానని కూడా చెప్పాను. బొంత నేనే ఇంటి నుంచి తెచ్చానని చెప్పాను. అందరం చప్పట్లు కొట్టామన్నాను. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చింది. "నువ్వు ఫోన్ చేస్తుంటే కూడా ఎత్తలేదక్కా," అన్నాను.

అక్క పలక తీసుకుంది. మెల్లిగా రాసింది. "అరుస్తుంటే నోరు మూశారా."

"మూశాం."

తుడిచి మళ్ళీ రాసింది. "రెండో సగం బాగోదు. చివరికి అందరూ కలిసిపోతారు. పోతే పోనీ."

నేను ముక్కు తుడుచుకుంటుంటే బల్ల మీద గంట తీసుకుని, నా మొహం మీద పెట్టి గణగణ వాయించింది. నేను ఉలిక్కిపడ్డాను. అప్పుడు కాళ్ళ మీది దుప్పటి ఒక కొస పైకి లాగి, గంటకి జాగ్రత్తగా చుట్టి, నా కళ్ళల్లోకి చూస్తూ లోపల వాయించింది. టుక్ టుక్ అంది. దుప్పటి ఇంకాస్త బిగించింది. ఏమీ వినబడలేదు. రెండు చేతులూ ఎత్తి, నాకేసి, చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టింది.

భుజాలు కదిలాయి. నాకు మొదట భయమేసింది, ఏదో అవుతోందనుకుని గంట కోసం వెతికాను. మొహం చూస్తే తెలిసింది. నవ్వుతోంది. నోరు తెరిచి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా, చిన్నప్పటి నుంచి నేనెరిగిన నవ్వే, ఒక్క చప్పుడు లేకుండా నవ్వుతోంది. నాకూ ఆగలేదు. నాది మాత్రం వరండా దాకా వినబడింది.

నర్సు పరిగెత్తుకొచ్చింది. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, ఎందుకండీ ఆవిడని అలా నవ్విస్తారని నన్ను కోప్పడింది.